ఏ ఇంటి మూట ఆ ఇంటిదే

మా వదినగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చేసరికి నా నడిమి గదిలో కాలు పెట్టే సందు లేదు. మంచం మీద మూటలు, మంచం కింద మూటలు, కుట్టు మిషను పక్కన మూటలు, బీరువా మీద అట్టపెట్టెల్లో ఇంకొన్ని. ఆవిడ వాకరు పట్టుకుని గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసి, "ఏంటమ్మాయ్ ఇది, ఇల్లా గోడౌనా?" అన్నారు.

వదినగారంటే మా ఆయనకి అక్క. తోట్లవల్లూరు దగ్గర, కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. అరటి, పసుపు వేస్తారు. అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, పోయి అప్పటికి ఏడాది దాటింది. వాళ్లింట్లో దేనికి వెళ్లాలన్నా మెట్లు దిగాలి. బందరులో మాది మెట్లు లేని ఇల్లు, పైగా ఎక్సర్‌సైజులు చేయించే ఆయన ఉండేది మా పక్క వీధిలోనే. అందుకని నడక కుదురుకునేదాకా మా దగ్గరే ఉండమన్నాం. ఆవిడ వచ్చిన మర్నాడే మా వంటింట్లో పప్పుల డబ్బాలన్నీ వరసలు మారాయి. ఆ మర్నాడు దేవుడి గూడు మారింది. కూర్చున్న చోటి నుంచే చేత్తో చూపించి మా ఆయన చేత చేయించేవారు. చిన్నప్పటి నుంచీ ఆవిడ చెబితే చేయడం ఆయనకి అలవాటు.

నా నడిమి గది జోలికి మాత్రం మొదట్లో రాలేదు.

నేను బొంతలు కుడతాను. పాత చీరలు, పంచెలు, దుప్పట్లు వరసలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, అన్నిటినీ కలిపి చేత్తో దగ్గరదగ్గరగా కుట్టిన దుప్పటి అది. మాది దివిసీమ, నాగాయలంక అవతల ఊరు. చిన్నప్పుడు మా ఇంట్లో కొన్న దుప్పటి ఎవరూ కప్పుకున్న గుర్తు లేదు. మధ్యాహ్నం వంటలయ్యాక మా అమ్మ, మా మేనత్త వసారాలో బొంత పరిచి ఎదురెదురుగా కూర్చుని కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. నేను పోస్టాఫీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు సూది పట్టుకున్నది చొక్కా గుండీలకే. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. టైలర్ల దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు, పెడనలో అచ్చు తప్పిందని పక్కన పడేసిన కలంకారీ ముక్కలు తెచ్చుకుని మొదలుపెట్టాను. అవి నా సొంతం. బీరువాలో రంగుల వారీగా పెట్టుకున్నాను.

మూటల సంగతి వేరు.

మా వీధి చివరి ఇంటి టీచరుగారు ఒకసారి వాళ్లమ్మ చీరలు తెచ్చారు. అమ్మ పోయి ఆరు నెలలైంది, ఎవరికైనా ఇద్దామంటే చేతులు రావడం లేదు, వీటితో ఒక బొంత కుట్టి పెట్టగలరా అని అడిగారు. కుట్టాను. ఆవిడ దాన్ని ఒళ్లో వేసుకుని మా అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. ఆ బొంతని చూసినవాళ్లు ఇంకొకళ్లకి చెప్పారు. గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి, మోపిదేవి నుంచి మనుషులు సంచులు పట్టుకుని రావడం మొదలైంది. తెచ్చిన బట్టల్లో నూటికి తొంభై పోయినవాళ్లవి.

అప్పుడు నాకు ఒక భయం పట్టుకుంది. ఒకరి బట్ట ఇంకొకరి బొంతలో కలిసిపోతే? చూసేవాళ్లకి తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది కదా. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరు ఏం తెచ్చినా అందులోంచే ఒక బట్ట తీసి, మిగిలినవన్నీ దాంట్లో పెట్టి మూట కట్టేదాన్ని. కట్టడానికి కూడా ఆ ఇంటి చీర అంచే. మూట చూడగానే ఎవరిదో గుర్తొచ్చేది. గుడివాడ వాళ్లది ఆకుపచ్చ వెంకటగిరి అంచు. అవనిగడ్డ మేష్టారిది తెల్ల పంచె. చీటీలు పిన్నులతో గుచ్చితే బందరు ఉప్పుగాలికి పిన్ను తుప్పు పట్టి బట్టకి మరక అంటుకుంటుంది. రాసుకోవచ్చుగా అనేవారు మా ఆయన. రాసుకునేంత పని అనిపించలేదు. పోస్టాఫీసులో ఊళ్ల పేర్లు చూసి ఉత్తరాలు విడదీసిన అలవాటు, ఏ ఇల్లు ఎక్కడుందో నా తలలో ఉండేది.

వదినగారు వచ్చేనాటికి అన్నిటికంటే కొత్తగా వచ్చిన మూట గిలకలదిండి చేపల రేవు నుంచి వచ్చింది. మా వీధికి చేపలు తెచ్చే ఆమెది. ఆమె భర్త బోట్ల మీద వేటకి వెళ్లేవాడు. ఒకరోజు ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటూ గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడట. కొన్నాళ్లు ఆమె వీధిలోకి రాలేదు. వచ్చిన రోజు చేపల బేసిన్‌తో పాటు ఎర్ర తువ్వాల్లో కట్టిన మూట కూడా తెచ్చింది. లుంగీలు, రెండు చొక్కాలు.

"లుంగీలు ఏం చేసినా పర్లేదక్కా. చొక్కాలు మాత్రం ఉతక్కండి. ఉతక్కుండానే కుట్టెయ్యండి. వాసన పోద్ది" అంది.

బొంతలో తల వచ్చే వైపు, లోపలి వరసలో పెట్టి కుడతానని చెప్పాను. సరేనంది. ఆ మూటని మిగిలినవాటితో కలపకుండా కిటికీ గూట్లో విడిగా పెట్టాను.

ఇంతలో గుడివాడలో మా చెల్లెలి కూతురికి కాన్పు వచ్చింది. వారం రోజులు ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ అక్కడే ఉండిపోయాను. అప్పటికి వదినగారు వాకరు వదిలి చేతికర్రతో నడుస్తున్నారు. ఇల్లు ఆవిడ చూసుకుంటానన్నారు. నిశ్చింతగా వెళ్లాను.

తిరిగొచ్చి చెప్పులు విప్పుతుంటేనే ఆవిడ మొహంలో ఏదో సంబరం కనిపించింది. "కాళ్లు కడుక్కుని ఆ గదిలోకి రా అమ్మాయ్" అన్నారు.

వెళ్లాను. మంచం మీద ఏమీ లేదు. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. గోడ పొడవునా కొత్త ప్లాస్టిక్ పెట్టెలు, అద్దంలా లోపలివి కనిపించేవి, ఒకదాని మీద ఒకటి. ఒకదాంట్లో ఎరుపులు, లేత గులాబీ నుంచి కుంకుమ రంగు దాకా. ఒకదాంట్లో పచ్చలు. ఒకదాంట్లో నీలాలు. పసుపులు, తెల్లవి, గళ్లవి, పువ్వులవి. ప్రతి బట్టా ఒకే కొలతకి మడతపెట్టి, అంచు పైకి కనిపించేలా నిలబెట్టి ఉంది. బందరు కోనేరు సెంటర్లో ఏ బట్టల కొట్టూ అంత అందంగా ఉండదు.

"ఇంక ఏ రంగు కావాలన్నా వెతుక్కోనక్కర్లేదు. ఇట్టే చేతికొస్తుంది. అన్నీ వాషింగ్ మిషన్లో వేయించి, గంజి పెట్టించి, ఇస్త్రీ కూడా చేయించాను" అన్నారు ఆవిడ.

నేను కిటికీ గూట్లోకి చూశాను. ఖాళీగా ఉంది.

"ఎర్ర తువ్వాలు మూట ఏదండీ?"

"ఎర్రవన్నీ ఆ పై పెట్టెలో ఉన్నాయి చూడు. ఆ మూటయితే ఒకటే చేపల కంపు. రెండు వాయిలు వేస్తే గానీ వదల్లేదు."

మంచం మీద కూర్చుండిపోయాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి నా మొహం చూసి, "అక్క చేస్తుంటే నేనేమంటాను?" అని వెనక్కి వెళ్లిపోయారు.

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆపరేషనైన కాలితో వారమంతా కష్టపడ్డ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నారు, మెచ్చుకుంటానని చూస్తున్నారు.

"వదినగారూ, అవి పాత గుడ్డలు కాదండీ. ఒక్కో మూట ఒక్కో మనిషిది."

"పాత గుడ్డలు ఎవరో ఒక మనిషివే కదమ్మాయ్. ఇందులో వింతేముంది?"

"పోయినవాళ్లవండీ. వాళ్ల బట్టలతో వాళ్ల పిల్లలకి బొంత కుట్టి ఇస్తాను. ఒకరివి ఒకరికి కలపకూడదు. ఆ చేపల వాసన మూట గిలకలదిండి ఆమెది. ఆ చొక్కాలు ఉతకొద్దని మరీమరీ చెప్పింది. వాళ్లాయన వాసన అది."

ఆవిడ కర్ర మీద ఆనుకున్నారు. "నాకెవరు చెప్పారు?" అన్నారు. ఆ మాట నిజమే. పాత బట్టలతో బొంతలు కుడతానని తప్ప ఆవిడకి నేను ఇంకేం చెప్పలేదు. చెబితే, చచ్చినవాళ్ల బట్టలు ఇంట్లోకెందుకని అంటారేమోనని ఊరుకున్నాను. ఆవిడ మెల్లగా హాల్లోకి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం కలుపుకుని సగంలో చెయ్యి కడిగేశారు.

మర్నాడు నేను కాఫీ పట్టుకెళ్లేసరికి నడిమి గదిలో కుర్చీ వేసుకుని, ఎర్ర రంగు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "రా, ఎవరివి వాళ్లకి తీద్దాం. నీకు గుర్తున్నవి ముందు చెప్పు" అన్నారు.

గుర్తున్నవి చాలానే ఉన్నాయి. టీచరుగారు ఆ తర్వాత తెచ్చిన వాళ్ల పిన్నిగారి జరీ పట్టుచీరలు, గుడివాడ వాళ్ల వెంకటగిరి చీరలు, అవనిగడ్డ మేష్టారి పంచెలు మొదటిరోజే విడిపోయాయి. నేల మీద ఒక్కో ఇంటికి ఒక్కో కుప్ప పెట్టుకున్నాం. చిక్కంతా మామూలు బట్టలతో వచ్చింది. ఊదారంగు వాయిల్ చీర అందరిళ్లలోనూ ఉంటుంది. నీలం గళ్ల లుంగీ ఎవరిదని చెప్పగలం? మాసిన మడతలు, కొంగున ముడేసుకున్న చోట మిగిలే ముడతలు, ఒక్కో ఇంటి బీరువా వాసన, ఇవన్నీ ఉంటే ఏదో ఒకటి పట్టించేవి. గంజి పెట్టి ఇస్త్రీ చేశాక అన్నీ ఒక్క ఇంటి బట్టల్లా అయిపోయాయి.

చివరికి ఫోన్లే దిక్కయ్యాయి. ఒక్కొక్కళ్లకి వీడియో కాల్ చేసి, జరిగింది చెప్పి, బట్టలు చూపించడం మొదలుపెట్టాను. నేను మాట్లాడుతుంటే వదినగారు బట్టని రెండు చేతులా విప్పి ఫోను ముందు పట్టుకునేవారు. మొదట్లో తన మొహం కనపడకుండా చీర వెనకాల దాక్కునేవారు. తర్వాత్తర్వాత ఆవిడే మాట్లాడ్డం మొదలుపెట్టారు. "ఇదిగో అమ్మా, చూడు, ఈ కొంగు మీ అమ్మగారిదేనా? ఇంకొంచెం దగ్గరగా పెట్టనా?"

కొందరు నవ్వారు. కొందరు నొచ్చుకున్నారు. అవనిగడ్డ వైపు నుంచి ఒకామె బస్సెక్కి వచ్చి, తనవి తను ఏరుకుని, ఇంక బొంతా వద్దు ఏమీ వద్దని పట్టుకుపోయింది. ఆమెని ఏమీ అనలేను. నమ్మి ఇచ్చింది మరి.

పెదపారుపూడిలో ఒక పెద్దాయన ఉన్నారు. రైతు. భార్య చీరలు కోడలి చేత పంపించారు. ఆయనకి ఫోన్ చేస్తే కోడలు ఫోను చేతికిచ్చి వెళ్లిపోయింది. పచ్చ చీర ఒకటి చూపించాం.

"ఇది మా ఆవిడదేనండి. కింద కుచ్చిళ్ల దగ్గర చూడండి, చిన్న కన్నం ఉండాలి."

వదినగారు వెతికారు. ఉంది.

"ధాన్యం నూర్చినప్పుడు కళ్లంలోకి కాఫీ తెచ్చిందండి. నేను చుట్ట కాలుస్తున్నాను. నిప్పురవ్వ ఎగిరి పడింది. కొత్త చీర అప్పుడు. మూడు రోజులు మాట్లాడలేదు నాతో." ఆయన ఆగి, "మాట్లాడకపోయినా కాఫీ మాత్రం తెచ్చేదండి. గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్లిపోయేది" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఒక్కో చీర గురించీ చెప్పుకుంటూ పోయారు. ఏది ఏ పెళ్లికి కొన్నదో, ఏది ఆమెకి నచ్చక పెట్టెలో పెట్టేసిందో. తనవి కాని చీరలు చూపించినా, "ఇది మాది కాదండీ, కానీ ఇలాంటిది మా చెల్లెలికి ఉండేది" అంటూ దాని కథ చెప్పారు. నాకు పొయ్యి మీద పప్పు ఉంది. లేచి వెళ్లి వచ్చాను. వచ్చేసరికి కూడా వదినగారు ఫోను అలాగే పట్టుకుని వింటున్నారు. "అవునండీ" "అలాగా అండీ" అంటున్నారు.

ఫోను పెట్టేశాక ఆవిడ చాలాసేపు ఆ పచ్చ చీర కన్నంలో వేలు పెట్టి కూర్చున్నారు.

"అమ్మాయ్, నేను మీ అన్నయ్యగారివి ఒక్కటి కూడా ఉంచుకోలేదు."

నేను చేస్తున్న పని ఆపాను.

"పెద్దకర్మ అయిన మర్నాడే బీరువా తీసి అన్నీ పనివాళ్లకి పంచేశాను. చొక్కాలు, పంచెలు, చెప్పులు, కళ్లజోడు కూడా. ఎవరో కళ్లజోడు ఎందుకమ్మా అంటే, అద్దాలు మార్పించుకుని ఎవరైనా పెట్టుకుంటారులే అన్నాను. ఇల్లు తుడిపించి, అరలో కొత్త కాగితాలు పరిపించాను. అందరూ ఎంత ధైర్యం అన్నారు. నేనూ అదే అనుకున్నాను." చీర మడత పెట్టబోయి ఆగారు. "ఎదురుగా సర్దనిది ఏదైనా ఉంటే నాకు ఊపిరి ఆడదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఆ అర తీస్తే కాగితాలు తప్ప ఏమీ ఉండవు. రోజూ తీస్తాను. ఎందుకు తీస్తానో నాకే తెలీదు."

ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. అన్నయ్యగారు పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందాయా లేదా చూసుకుంటూ తిరిగారు. నేను పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఇక మిగిలింది గిలకలదిండి ఆమె సంగతి. ఆమెకి ఫోన్లో చెప్పడం నాకు మనసొప్పలేదు. చేపలకి వచ్చినప్పుడు వీధిలో చెప్పడం అంతకంటే బాగోదు. "నేనే వెళ్లి చెప్తాను, ఉతికింది నేను కదా" అన్నారు వదినగారు. ఆ కాలితో వద్దన్నా వినలేదు. ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం.

మేం రేవుకి వెళ్లేసరికి చేపల వేలం అయిపోయి ఐసు కొట్టుకుంటున్నారు. నేలంతా తడి. వదినగారు జారతారేమోనని ఒక చేత్తో ఆవిడని పట్టుకుని, ఇంకో చేత్తో మూట పట్టుకుని నడిచాను. ఆమె షెడ్డు చివర పీట మీద కూర్చుని రొయ్యలు ఏరుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి లేచి నిలబడింది. "ఏంటక్కా, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా" అంటూ పక్కవాళ్లనడిగి ఒక కుర్చీ తెప్పించి వదినగారిని కూర్చోబెట్టింది.

వదినగారు కూర్చోగానే చెప్పేశారు. "అమ్మా, మీ ఆయన చొక్కాలు నేను ఉతికేశాను. తెలియక చేశాను. ఈ అమ్మాయి ఊళ్లో లేదు, తన తప్పేం లేదు."

ఆమె నా వైపు చూసింది. నేను మూట చేతికిచ్చాను. విప్పి, చొక్కా మొహానికి ఆనించుకుంది. గంజి వాసన వచ్చి ఉంటుంది. మళ్లీ ఆనించుకుంది, ఈసారి మెడపట్టీ దగ్గర. తర్వాత దాన్ని కిందకి దించి, "ఎందుకు ఉతికారండి? అంత చెప్పాను కదక్కా" అంది. గట్టిగా కూడా అనలేదు. చొక్కాలు రెండూ తను తీసుకుని, లుంగీలు తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చింది. "ఇవి కుట్టండి. ఇవి నేను ఇయ్యను" అంది. మళ్లీ పీట మీద కూర్చుని రొయ్యలు ఏరుకోవడం మొదలుపెట్టింది. తిరుగు దారిలో ఆటోలో వదినగారు బయటికే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత చాలా రోజులు ఆమె మా వీధికి రాలేదు. వేరే ఆమె దగ్గర చేపలు తీసుకోవాలంటే నాకు ఎలాగో అనిపించి, కొన్నాళ్లు మా ఇంట్లో చేపల కూరే లేదు.

ఆ లుంగీల బొంత వదినగారు తనే కుడతానన్నారు. ఆవిడకి కుట్టు రాదు. నేను నేర్పాను. ముందు బట్టలు పరిచి, ముడతల్లేకుండా చేసి, నాలుగు వైపులా పొడుగు కుట్లు వేసి కదలకుండా పట్టించడం. ఆ తర్వాత అంచు నుంచి మధ్యకి కుట్టుకుంటూ రావడం. ఆవిడ కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. విప్పేసి మళ్లీ కుట్టేవారు. మూడోసారి విప్పబోతుంటే నేనే ఆపాను. "వంకరగా ఉంది కదమ్మాయ్" అన్నారు. "ఉండనివ్వండి, కప్పుకోవడానికే కదా" అన్నాను. అయిష్టంగానే ఊరుకున్నారు. మోకాలికి ఎక్సర్‌సైజులు, ఒళ్లో బొంత, సాయంత్రం తమ్ముడితో కబుర్లు, అలా రోజులు గడిచాయి.

గదికి కూడా కొత్త పద్ధతి వచ్చింది. ఇద్దరం కూర్చుని అనుకున్నదే. ప్లాస్టిక్ పెట్టెలు అలాగే ఉంచాం, కానీ పెట్టెకి ఒక ఇల్లు. తెల్ల గుడ్డ పేలిక మీద ఊరు పేరు, ఇంటి గుర్తు రంగు దారంతో కుట్టి, పైనున్న బట్టకి రెండు కుట్లు వేసి వదిలేస్తాం. పిన్ను అక్కర్లేదు, మరక పడదు. తెచ్చినవాళ్ల ముందే బట్టలన్నీ పరిచి ఫోన్లో ఫోటో తీస్తాను. ఉతకమంటారా, వద్దంటారా అనేది కూడా అడుగుతాను. మూరెడు వేపకొమ్మ ఒకటి వేస్తాను గానీ కలరా ఉండలు వేయను. ఎవరిదో తేలని బట్టలు కొన్ని మిగిలాయి. ఆ ఊదారంగు వాయిల్ చీర అందులో ఉంది. వాటిని ఏ బొంతలోనూ వాడలేదు. విడిగా ఒక పెట్టెలో ఉన్నాయి.

ఒకరోజు పొద్దున వీధిలో "చేపలూ" అని ఆమె గొంతు వినిపించింది. నేను గబగబా బయటికి వెళ్లాను. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని ఉంది. ఎండకీ నీసుకీ చేపలమ్మే ఆడవాళ్లు చాలామంది అలా తొడుక్కుంటారు. చేతులు మోచేతుల దాకా మడిచింది. లేత నీలం చారల చొక్కా. గంజి ఎప్పుడో పోయింది. జేబు దగ్గర చేప పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది.

వదినగారు కూడా కర్ర టకటకలాడించుకుంటూ అరుగు మీదికి వచ్చారు. ఆ చొక్కా చూశారు.

ఆమే అంది. "రోజూ ఏసుకుంటన్నానండి. రెండూ మార్చి మార్చి ఏసుకుంటన్నాను. బొంతలో కుట్టించి మంచం మీద పెట్టుకుంటే పడుకున్నప్పుడే కదా నాతో ఉండేది." బేసిన్ దించి, "బొంత అయిందా అక్కా?" అంది.

వదినగారు లోపలికి వెళ్లి తెచ్చారు. ఆమె చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని, బొంత విప్పి చూసింది. వంకర కుట్ల మీద వేలితో రాసింది.

"ఇది మీ కుట్టులా లేదక్కా."

"నేను కుట్టానమ్మా. రాదు నాకు" అన్నారు వదినగారు.

"బానే ఉందండి" అంది. క్షమించానని గానీ, పర్లేదని గానీ అనలేదు. మట్టగిడసలు తూచి, శుభ్రం చేసి ఇచ్చి, బొంత మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లింది. ఆ తర్వాత మామూలుగా వస్తోంది.

వదినగారు వానలు మొదలవక ముందే వాళ్ల ఊరు వెళ్లిపోయారు. వెళ్లేముందు నా బీరువాలోంచి కలంకారీ ముక్కలు కొన్ని అడిగి తీసుకున్నారు. పెద్ద సూది కూడా. నెలకోసారి ఫోన్లో తన కుట్లు చూపిస్తుంటారు. ఇంకా వంకరే.

మొన్న ఆవిడని చూడ్డానికి నేనూ మా ఆయనా తోట్లవల్లూరు వెళ్లాం. భోజనాలయ్యాక మా ఆయన నడుం వాల్చారు. మేమిద్దరం అరటి గెలలు పేర్చిన వసారాలో కూర్చున్నాం. ఆవిడే మొదలుపెట్టారు.

"వెళ్లి అడిగానమ్మాయ్."

"ఎవరినండీ?"

"మా పాలేరుని. మీ అన్నయ్యగారి బట్టలు ఎక్కువగా వాడికే ఇచ్చాను. ఒక్కటైనా మిగిలిందేమో, ఉంటే ఇమ్మందామని. ఇచ్చింది వెనక్కి అడగడం సిగ్గనిపించింది. అయినా వెళ్లాను. వాళ్లావిడ ఇల్లంతా వెతికింది పాపం. అన్నీ చిరిగిపోయాయట. ఆఖరి చొక్కా ట్రాక్టరు తుడవడానికి వాడుతున్నాడట. తెచ్చి చూపించాడు. నల్లగా, జిడ్డుగా, గుడ్డ ముక్క."

"తెచ్చుకున్నారా?"

"లేదు." ఆవిడ నవ్వారు. "తుడుచుకోనీ అన్నాను. ఆయనకి ఆ ట్రాక్టరంటే పిచ్చి. పిల్లలకంటే దాన్నే ఎక్కువ కడిగేవారు."

ఆ పైన ఎరువు ధర గురించి, నీళ్లు ఎప్పుడు వదులుతారన్న దాని గురించి మాట్లాడుకున్నాం. మా ఆయన నిద్ర లేచి టీ అడిగారు. వదినగారు నన్ను కదలనివ్వకుండా తనే లేచి, కర్ర లేకుండానే, వంటింట్లోకి వెళ్లారు.